కుక్కపిల్లను కొనే ముందు తల్లిని చూడాలి

కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని చూసి దాని ఆరోగ్యం చెప్పడం పశువుల డాక్టరుకే కష్టం. ఆరు వారాల వయసులో ఏ జాతి పిల్లయినా ముద్దుగానే ఉంటుంది. కడుపులో నట్టలున్నాయా, తుంటి కీలు సరిగ్గా అమరిందా, ఒంట్లో చేరిన పార్వో వైరస్ ఇంకో నాలుగు రోజులకు బయటపడబోతోందా అన్న సంగతులు పైకి కనిపించవు. వాటి జాడ దొరికేది తల్లి దగ్గర, అది ఈనిన చోట, పెంచినవాళ్లు రాసిపెట్టుకున్న లెక్కల్లో. అందుకే పిల్లను ఎంచుకోవడానికి ముందు బ్రీడర్‌ను పరీక్షించాలి.

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో కుక్కపిల్లలకు గిరాకీ రెండు వైపుల నుంచి వస్తుంది. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ చుట్టూ బీరంగూడ, అమీన్‌పూర్, తెల్లాపూర్, కొల్లూరు వరకు లేచిన అపార్ట్‌మెంట్లు, విల్లాలు ఒక వైపు. ఇక్కడివాళ్లు అడిగేవి ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, షిట్జు, పగ్, ఈమధ్య హస్కీ. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, రుద్రారం వైపు ఫ్యాక్టరీలు, గోదాములు, ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాట్లు, జిన్నారం, కంది దాకా ఉన్న ఫామ్‌హౌస్‌లు రెండో వైపు. వీటికి కాపలా కావాలి కాబట్టి రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ పేర్లు వినిపిస్తాయి. కాపలా కోసం పిల్లను కొనేవాళ్లు మరిచిపోయే విషయం ఒకటుంది. మూడు నెలల రాట్‌వైలర్ గోదాముకు కాపలా కాయదు, దానికే ఒక కాపలా మనిషి కావాలి. ఏడాదిన్నర, రెండేళ్లు నిండితే గానీ పెద్ద జాతి కుక్కకు ఒళ్లూ బుద్ధీ కుదురుకోవు. ఆ రెండేళ్లూ గేటు పక్కన గొలుసుకు కట్టేసి పెంచితే తయారయ్యేది కాపలా కుక్క కాదు, లారీ డ్రైవరునూ యజమాని మనవడినీ ఒకేలా కరిచే కుక్క.

ఈ గిరాకీని తీర్చేవాళ్లు మూడు రకాలు. ఒకటో రెండో జాతులను మాత్రమే ఏళ్ల తరబడి పెంచే కెన్నెల్ వాళ్లు కొందరు. ఇంట్లో ఉన్న ఆడకుక్కను తెలిసినవాళ్ల మగకుక్కతో క్రాసింగ్ చేయించి, పుట్టిన పిల్లలను అమ్మేవాళ్లు కొందరు. మిగిలినవాళ్లు ఎక్కడెక్కడి పిల్లలనో తెచ్చి చేతులు మార్చే పెట్ షాపులు, దళారులు. మొదటి రెండు రకాల్లో మంచివాళ్లూ ఉంటారు, చెడ్డవాళ్లూ ఉంటారు. మూడో రకంలో మనిషి మంచివాడైనా చూపించడానికి అతని దగ్గర తల్లి ఉండదు. కొనుగోలుదారుకు అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

చట్టం ఏం చెబుతోంది

దేశంలో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచే ఉన్నా, కుక్కల పెంపకం వ్యాపారానికి అందులో విడిగా నియమాలు లేకపోయాయి. 2015 ఆగస్టులో లా కమిషన్ తన 261వ నివేదికలో పెట్ షాపులను, కుక్కల పెంపకాన్ని, అలంకార చేపల పెంపకాన్ని నియంత్రించాల్సిందేనని చెప్పింది. ఆ తర్వాత 2017 మే 23న కేంద్రం కుక్కల పెంపకం, విక్రయాల నియమాలను నోటిఫై చేసింది. పెట్ షాపుల నియమాలు 2018లో వచ్చాయి.

2017 నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ కాకుండా ఎవరూ కుక్కలను ఈనించి అమ్మకూడదు. రుసుము 5,000 రూపాయలు, సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, దాన్ని వచ్చినవాళ్లకు కనిపించేలా తగిలించాలి. బ్రీడర్ అనే మాటకు ఈ నియమాలు ఇచ్చిన అర్థం విశాలమైనది. కెన్నెల్ యజమానితో పాటు మధ్యలో చేతులు మార్చే వ్యాపారి కూడా అందులోకే వస్తాడు. కాబట్టి ‘మేం బ్రీడర్లం కాదండీ, ఇప్పిస్తాం అంతే’ అనే దళారికి మినహాయింపేమీ లేదు.

కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు కొన్ని ఆ నియమాల్లోనే ఉన్నాయి. ఆడకుక్కకు 18 నెలలు నిండాకే క్రాసింగ్ చేయించాలి, అదీ అది ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు ధ్రువీకరించాక. ఏడాదికి ఒక్క ఈతే, మొత్తం జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిదేళ్లు దాటితే ఈనించకూడదు. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, తోబుట్టువులు, తాతామనవల వరసల్లో జత కట్టించకూడదు. పిల్లకు 8 వారాలు నిండకుండా అమ్మకూడదు, మైక్రోచిప్ వేయకుండా అమ్మకూడదు, టీకాలు, నట్టల మందు వివరాలు రాసివ్వకుండా అమ్మకూడదు. బహిరంగ స్థలంలో అప్పటికప్పుడు అమ్మకానికి కుక్కలను ప్రదర్శించడమూ నిషిద్ధమే. ఆదివారం రోడ్డు పక్కన బుట్టలో పిల్లలను పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర ఇంకే ప్రశ్నా అడగనక్కర లేదు.

ఇంత వివరంగా రాసిన నియమాలకు కోరలు మాత్రం తక్కువ. మాతృచట్టం 1960 నాటిది, జరిమానాలూ ఆ కాలానివే. జంతువును హింసించిన మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయలు. ఈ చట్టం కింద చేసిన నియమాలను ఉల్లంఘిస్తే విధించగలిగే గరిష్ఠ జరిమానా 100 రూపాయలు, జైలు మూడు నెలలు. ఒక్క రాట్‌వైలర్ పిల్లను వేల రూపాయలకు అమ్మే వ్యాపారికి వంద రూపాయలు ఏపాటి? నియమం రాసింది ప్రభుత్వమే అయినా, దాన్ని అమలు చేయించగల స్థితిలో ఉన్నది చేతిలో డబ్బు పట్టుకుని నిలబడ్డ కొనుగోలుదారే. పై అంకెలను ప్రశ్నలుగా మార్చి అడిగితే చాలు. తల్లి వయసెంత? ఇది దానికి ఎన్నో ఈత? కిందటి ఈత ఎప్పుడు? నికార్సయిన బ్రీడర్ తడుముకోకుండా చెబుతాడు, పుస్తకం తీసి చూపిస్తాడు. ‘అవన్నీ మీకెందుకు సార్, పిల్లను చూడండి’ అన్నాడంటే అదీ ఒక జవాబే.

కెన్నెల్‌కు వెళ్లినప్పుడు

పిల్లను కారులో తెచ్చి ఇస్తామని, ముత్తంగి దగ్గర ఓఆర్‌ఆర్ జంక్షన్‌లోనో ఏదో పెట్రోల్ బంకు దగ్గరో కలుద్దామని అనేవాళ్లతో బేరం పెట్టుకోకూడదు. పిల్ల పుట్టిన చోటుకు పగటిపూట వెళ్లాలి. అడుగు పెట్టగానే పనిచేయాల్సింది ముక్కు. కుక్కలున్న చోట కొంత వాసన మామూలే గానీ, కళ్లు మండించే మూత్రపు ఘాటు ఉంటే ఆ చోటును రోజూ కడగడం లేదని అర్థం. నీళ్ల గిన్నెల్లో పాకుడు, పెంటపై ముసిరిన ఈగలు, ఒకదానిపై ఒకటి పేర్చిన పంజరాలు, చెవుల లోపల గుత్తులుగా పట్టిన పిడుదులు, నేలకు తగిలి వంకర తిరిగిన గోళ్లు కూడా అదే కథ చెబుతాయి. పిడుదుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన వాతావరణంలో కుక్కల ప్రాణం తీసే జ్వరాల్లో పిడుదుల వల్ల వచ్చేవి ముఖ్యమైనవి.

తర్వాత తల్లిని చూపించమని అడగాలి. ఏడెనిమిది వారాల పిల్లలున్న తల్లికి పొదుగు ఇంకా పూర్తిగా ఇంకిపోదు, చన్నులు సాగి వేలాడుతుంటాయి, చాలాసార్లు వెంట్రుకలు రాలి కాస్త చిక్కి ఉంటుంది. నిగనిగలాడే బొచ్చుతో, బిగుతైన పొట్టతో ఉన్న కుక్కను చూపించి ఇదే తల్లి అంటే నమ్మనక్కర లేదు. పిల్లలను దగ్గరికి వదిలితే అవి ఎవరి పొట్ట కింద దూరతాయో చూస్తే అనుమానం తీరుతుంది. తల్లి ప్రవర్తన కూడా చూడాలి. కొత్తవాళ్లను చూసి నాలుగు సార్లు మొరిగి, యజమాని మాటకు సర్దుకునే తల్లి మంచి తల్లి. మూలకు నక్కి వణికేది, లేదా పిల్లలు తన దగ్గర లేకపోయినా మీదికి దూకేది అయితే ఆ బెదురు పిల్లలకూ వస్తుంది. పిరికితనంలో కొంత పుట్టుకతో వచ్చేదైతే, కొంత తల్లిని చూసి నేర్చుకునేది. తండ్రి అక్కడ లేకపోవడం మాత్రం తప్పు కాదు. నిజానికి మంచి బ్రీడర్ తన ఆడకుక్కకు తగిన మగకుక్కను వేరే ఊళ్లోనైనా వెతుక్కుంటాడు. దాని కాగితాలు, ఫోటోలు ఉంటే సరిపోతుంది.

ఆ ఈతలోని పిల్లలన్నీ ఒకచోట కనిపించాలి. ఒక ల్యాబ్, ఒక పగ్, రెండు షిట్జులు, ఒక జర్మన్ షెపర్డ్ అంటూ తలా ఒకటి ఉంటే అది కెన్నెల్ కాదు, సరుకు దింపే చోటు. ‘ఏ జాతి కావాలన్నా వారంలో తెప్పిస్తాం’ అన్న మాటను చాలామంది సమర్థతగా తీసుకుంటారు. అది హెచ్చరికగా తీసుకోవాల్సిన మాట. మంచి బ్రీడర్ దగ్గర ఎప్పుడు పడితే అప్పుడు పిల్లలు దొరకవు. పేరు రాసుకుని, వచ్చే ఈత దాకా ఆగమంటాడు.

ఇక పళ్లు. సంతలో బర్రెను కొనే రైతు నోరు తెరిచి పళ్లు చూడకుండా, ఎదురుగా పాలు పిండించకుండా బయానా ఇవ్వడు. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను కొనాలన్నది అతని లెక్క. అదే ఊళ్లో కుక్కపిల్లకు వేలు పోసేవాళ్లు దాని నోట్లోకి తొంగి చూడరు. బజారులో ఏ పిల్ల వయసు అడిగినా వచ్చే జవాబు ‘45 రోజులు’. అది నిజమే అయినా చట్టం చెప్పిన 56 రోజులకు పదకొండు తక్కువ. చాలాసార్లు అదీ నిజం కాదు. పిల్ల కళ్లు పుట్టిన 10 నుంచి 14 రోజులకు తెరుచుకుంటాయి. మూడో వారం నుంచి ముందరి పాలపళ్లు, కోరలు పైకి వస్తాయి. దవడ వెనక వైపు పళ్లు వాటి తర్వాత వస్తాయి. దాదాపు 8 వారాలకు మొత్తం 28 పాలపళ్లు ఉండాలి. పెదవిని పక్కకు జరిపి వెనక దవడను చూసినప్పుడు అక్కడ చిగురు మాత్రమే తగిలితే, పిల్ల నాలుగైదు వారాలది.

తక్కువ వయసులో అమ్మడం వ్యాపారికి లాభం. ఇంకో మూడు వారాలు తిండి పెట్టనక్కర లేదు, టీకా వేయించనక్కర లేదు, రోగం వస్తే అది కొన్నవాళ్ల ఇంట్లో వస్తుంది. నష్టం పిల్లకు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్క మెదడు లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. తోబుట్టువులతో ఆడుతూ కరిచినప్పుడు అవి కుయ్యిమంటే, గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందని తెలుసుకుంటుంది. ఆ పాఠం మధ్యలో తల్లి నుంచి వేరుచేసిన పిల్ల, పెరిగాక ఇంట్లో చిన్నారుల చేతులను నోటితో పట్టుకున్నప్పుడు ఎంత గట్టిగా పట్టాలో తెలియని కుక్క అవుతుంది.

టీకా కార్డును చదవడం

అమ్మేవాళ్లు గర్వంగా చేతిలో పెట్టేది టీకా కార్డు. దాన్ని తిప్పి చూసి జేబులో పెట్టుకోకుండా ఒక్కో గడినీ చదవాలి. టీకా సీసాకు ఉండే చిన్న స్టిక్కర్‌ను తీసి కార్డులో అతికిస్తారు. అందులో టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరుతో ముద్ర ఉండాలి. స్టిక్కర్ ఉండి ముద్ర లేకపోతే, అమ్మినవాళ్లే మందుల దుకాణంలో సీసా కొని సూది వేసి ఉంటారు. ఈ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మే నెల ఎండలో బైకు డిక్కీలో ఊరంతా తిరిగిన టీకాలో నీళ్లకు మించిన శక్తి మిగలదు. ఆరు వారాల పిల్లకు రేబీస్ టీకా వేసినట్టు రాసి ఉంటే కార్డు మొత్తాన్నే అనుమానించాలి. రేబీస్ టీకాను మామూలుగా మూడు నెలల వయసులో వేస్తారు.

నట్టల మందు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి పడాలి. అంటే 8 వారాల పిల్ల కార్డులో మూడు నాలుగు తేదీలు ఉంటాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, తర్వాత పాల ద్వారానూ నట్టలు పిల్లకు చేరతాయి కాబట్టి తల్లికి ఎప్పుడు వేశారో కూడా అడగవచ్చు. గోదాములు, ఫ్యాక్టరీల దగ్గర పెంచబోయేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు రక్షణ అన్ని టీకాల్లోనూ ఉండదు. సెవెన్ ఇన్ వన్ లాంటి పెద్ద టీకాల్లో ఉంటుంది. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది.

పార్వో గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. కొత్తగా కొన్న పిల్లలు మొదటి వారంలోనే చనిపోవడానికి ప్రధాన కారణాల్లో అది ఒకటి. వైరస్ ఒంట్లో చేరిన మూడు నుంచి ఏడు రోజులకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా పిల్ల తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, దుర్వాసనతో రక్తపు విరేచనాలు పెడుతుంది. సెలైన్, చికిత్స వెంటనే అందకపోతే బతకడం కష్టం. ఈ లెక్క ప్రకారం ఇంటికి తెచ్చిన మూడో రోజు పార్వో బయటపడితే, అది దాదాపు ఖాయంగా అమ్మిన చోటు నుంచి వచ్చిందే. ‘మీ ఇంట్లోనే అంటుకుంది’ అనే వాదన నిలవదు. వైరస్ మట్టిలో, సిమెంటు గచ్చు పగుళ్లలో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది. ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచ్‌కు లొంగుతుంది.

టీకా వేయించినా పార్వో ఎందుకొస్తుందన్నది చాలామందికి పట్టే అనుమానం. తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్ల రక్తంలో కొన్ని వారాలు ఉంటాయి. అవి ఉన్నంత కాలం టీకాను పనిచేయనివ్వవు. అవి తగ్గాక టీకా పడేదాకా పిల్లకు రక్షణ ఉండదు. ఆ తగ్గే రోజు ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయిస్తారు. ‘రెండు సూదులు పడ్డాయి, ఇక భయం లేదు’ అన్నది అమ్మేవాళ్ల ధీమా మాత్రమే. బ్రీడర్‌ను సూటిగా అడగాల్సిన ప్రశ్న, ఈ ఏడాదిలో ఇక్కడ పార్వో వచ్చిందా అని. వచ్చిందని, ఎప్పుడు వచ్చిందో, తర్వాత చోటును ఎలా శుభ్రం చేశారో చెప్పే మనిషిని, తన కెన్నెల్‌లో ఏ పిల్లా ఎప్పుడూ జబ్బు పడలేదనే మనిషికంటే ఎక్కువ నమ్మవచ్చు.

కేసీఐ పేపర్లు, జాతి గొప్పలు

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతి కుక్కల వంశావళిని నమోదు చేస్తుంది. హైదరాబాద్ కెనైన్ క్లబ్ లాంటివి దానికి అనుబంధంగా ఉంటాయి. బజారులో కేసీఐ పేపర్లు అనేవి ఈ వంశావళి పత్రాలే. పిల్ల తల్లిదండ్రులు, పూర్వీకులు, పుట్టిన తేదీ, బ్రీడర్ పేరు, మైక్రోచిప్ నంబరు వాటిలో ఉంటాయి. అది వంశం కాగితమే గానీ ఆరోగ్యం కాగితం కాదు, ప్రభుత్వ రిజిస్ట్రేషన్‌కు బదులూ కాదు. దాన్ని చదివే పద్ధతి ఒకటుంది. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే పేరు దగ్గర తరాల్లోనే మళ్లీ మళ్లీ కనిపిస్తే అది దగ్గరి రక్తంలో జత కట్టించిన ఈత. మైక్రోచిప్ 15 అంకెలది. బియ్యం గింజంత ఉండే దాన్ని భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. రీడర్‌తో చూసి ఆ నంబరు కాగితంలోదే అవునో కాదో అక్కడే సరిచూసుకోవాలి. ‘పేపర్లతో అయితే ఒక రేటు, లేకుండా అయితే ఒక రేటు’ అన్నచోట, ‘పేపర్లు తర్వాత కొరియర్ చేస్తాం’ అన్నచోట పేపర్లు లేవనే అనుకోవాలి.

హెవీ బోన్, పంచ్ ఫేస్, షో క్వాలిటీ, టీకప్ లాంటి మాటలు ధర పెంచడానికే పనికొస్తాయి. టీకప్ అనే జాతిని ఏ ప్రధాన కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. ఈతలో బలహీనంగా పుట్టినదాన్నో, ఇంకా నెల నిండనిదాన్నో ఆ పేరుతో అమ్మే వీలుంది. తల్లిదండ్రులు విదేశాల నుంచి వచ్చాయంటే దిగుమతి కాగితాలు అడగాలి. వ్యాపారం కోసం కుక్కలను దిగుమతి చేసుకోవడంపై కేంద్రం 2016 ఏప్రిల్‌లో ఆంక్షలు పెట్టింది. డాబర్‌మన్, రాట్‌వైలర్ పిల్లల తోక కోసి, చెవులు కత్తిరించి అందంగా చేశామనే వాళ్లూ ఉన్నారు. జంతువు అవయవాలను అనవసరంగా కోయడం 1960 చట్టం కింద నేరం.

రాట్‌వైలర్, పిట్‌బుల్ లాంటి జాతుల గురించి గందరగోళం ఇంకా ఉంది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొని, వాటి పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధించినవాళ్లను సంప్రదించకుండా ఇచ్చారంటూ అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ‘బ్యాన్ అయిన జాతి, అందుకే రేటు ఎక్కువ’ అని అమ్మేవాళ్లకు ఆ వార్తలో సగమే కావాలి.

వంశపారంపర్య జబ్బుల విషయంలో కాగితాలకంటే ఎక్స్‌రేలు మేలు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్‌లలో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం పెద్ద సమస్య. తల్లిదండ్రులకు ఏడాది, రెండేళ్లు దాటాక తీయించిన ఎక్స్‌రేలు ఉంటే అది అరుదైన బ్రీడర్ కిందే లెక్క. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న నగరానికి పక్కనే ఉన్నవాళ్లకు ఇది అందని సదుపాయం కాదు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు ఎక్స్‌రే కూడా అక్కర లేదు. తల్లి నాలుగడుగులు నడిచాక దాని ఊపిరి వింటే చాలు. కూర్చున్నచోటే గురక పెడుతుంటే, సన్నని గీతల్లాంటి ముక్కురంధ్రాలుంటే, పిల్లలకు మెదక్, సంగారెడ్డి ఎండాకాలం ప్రాణగండమే. హస్కీని 40 డిగ్రీలు దాటే ఊళ్లో రోజంతా ఏసీలో పెంచగలమా అన్న ప్రశ్న బ్రీడర్‌ది కాదు, కొనేవాళ్లది.

ఎదురు ప్రశ్నలు వేసే బ్రీడర్

మంచి బ్రీడర్‌కు ఇంకో గుర్తు, కొనడానికి వచ్చినవాళ్లను తిరిగి ప్రశ్నించడం. ఇల్లు సొంతమా, అద్దెదా? ఓనరు ఒప్పుకున్నాడా? ఇద్దరూ డ్యూటీకి వెళ్తే మధ్యాహ్నం ఎవరుంటారు? ఈ ప్రాంతంలో ఇది ఉత్త మాట కాదు. మూడు షిఫ్టుల్లో నడిచే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. రెండు నెలల పిల్లకు రోజుకు మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలి, రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి. ఈ సంగతి తెలిసి పిల్లను ఇవ్వనన్న బ్రీడర్‌పై కోపం తెచ్చుకోకూడదు. కుదరకపోతే పిల్లను తిరిగి తనకే ఇమ్మని, ఎవరికీ అమ్మొద్దని రాయించుకునే బ్రీడర్ దొరికితే ధర కాస్త ఎక్కువైనా అతనే నయం.

ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాళ్లకు, జాతి పట్టింపు లేనివాళ్లకు దత్తత మార్గం ఉంది. అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థల దగ్గర స్వభావం అప్పటికే తెలిసిపోయిన పెద్ద కుక్కలు ఉంటాయి. కాపలాకు ఊరకుక్క పనికిరాదన్నది అపోహ. మన ఎండకు తట్టుకుని, తక్కువ తిండితో, తక్కువ జబ్బులతో బతికేది అదే. తెలుగు నేలకు సొంత జాతులు లేవా అంటే, కొల్లేరు చుట్టుపక్కల బాతుల కాపరుల వెంట తిరిగిన జోనంగి ఉంది. దాని గురించి తెలిసినవాళ్లు హస్కీ గురించి తెలిసినవాళ్లలో పదో వంతు కూడా ఉండరు.

ఫోన్‌లో బేరం, చేతిలో రసీదు

సోషల్ మీడియాలో కనిపించే పిల్లల ఫోటోలు చాలావరకు ఎక్కడివో ఎవరికీ తెలియదు. మోసం ఒకే దారిలో సాగుతుంది. బజారు ధరలో సగానికే పిల్ల, ముందు కొంత అడ్వాన్సు, తర్వాత రవాణా ఖర్చు, తర్వాత పంజరానికి డిపాజిట్, తర్వాత ఇన్సూరెన్స్. పిల్ల ఎప్పటికీ రాదు. వీడియో కాల్‌లో తల్లినీ పిల్లలనూ కలిపి, ఆ రోజు వార్తాపత్రికను పక్కన పెట్టి చూపించమంటే ఇలాంటివాళ్లు మాయమవుతారు. డబ్బు పోయినవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మోసం కాకపోయినా, పిల్లను దూరపు ఊరి నుంచి బస్సు డిక్కీలో పంపిస్తామనేవాళ్ల దగ్గర కొనకూడదు.

ఇతర దేశాలు ఈ మధ్యవర్తుల బెడదను చట్టంతోనే తగ్గించాయి. ఇంగ్లాండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చిన లూసీస్ లా ప్రకారం ఆరు నెలల లోపు కుక్కపిల్లలను, పిల్లి పిల్లలను మూడో మనిషి అమ్మకూడదు. పెంచినవాళ్ల దగ్గరే, పుట్టిన చోటే, తల్లిని చూసి కొనాలి. 2013లో వేల్స్‌లోని ఒక కుక్కపిల్లల ఫారం నుంచి రక్షించిన, వరసగా ఈతలు ఈని ఒళ్లు గుల్లయిన ఒక చిన్న ఆడకుక్క పేరు లూసీ. మన దగ్గర అలాంటి చట్టం లేదు గానీ, ఆ నియమాన్ని ఎవరికి వాళ్లు పాటించడానికి అడ్డేమీ లేదు.

బేరం కుదిరాక రసీదు రాయించుకోవాలి. అందులో పిల్ల జాతి, పుట్టిన తేదీ, మైక్రోచిప్ నంబరు, తల్లిదండ్రుల పేర్లు, ధర, బ్రీడర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 48 గంటల్లో పశువైద్యుడు పరీక్షించి జబ్బు ఉందంటే పిల్లను వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తాననే షరతు, మొదటి రెండు వారాల్లో పార్వో, డిస్టెంపర్ వస్తే ఎవరి బాధ్యతో కూడా రాయాలి. ఇంటికి తీసుకెళ్లే దారిలోనే డాక్టరుకు చూపించడం మంచిది. పిల్ల చనిపోతే, బాధ ఎంత ఉన్నా, పూడ్చేముందు ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్టుమార్టం చేయించి నివేదిక తీసుకోవాలి.

డబ్బిచ్చి కొన్న పిల్ల విషయంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. అమ్మినవాళ్లు బెంగళూరులో ఉన్నా, కొన్నవాళ్లు తాము నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఈ ప్రాంతంవాళ్లకు సంగారెడ్డిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు, సలహాకు 1915 నంబరు ఉంది. రసీదు లేకపోతే మాత్రం అక్కడ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అలా కొన్నవాళ్లు కనీసం యూపీఐ చెల్లింపు వివరాలు, వాట్సాప్‌లో నడిచిన బేరం, టీకా కార్డు ఫోటో అయినా చెరిపేయకుండా ఉంచుకోవాలి.